పదకొండో దీపం

ఆ పదకొండు దీపాలూ పెట్టింది నేనే.
కొయివులాహ్తి చెరువు గట్టు బాట మీద,
నిచ్చెన బండెక్కి, వేళ్ళు కొయ్యబారే మార్చి నెలలో
పాత నారింజ రంగు బల్బులు విప్పి తెల్లవి బిగించాను.
కరెంటు సగం ఆదా అన్నారు.
నిజమే. మీటరు చూశాను.

ఆగస్టులో ఆఫీసుకొచ్చింది హిల్కా.
ముప్పై ఏళ్ళు ఈ ఊరి ఉత్తరాలు పంచిన మనిషి,
రిటైరయ్యాక రాత్రికొచ్చే వాళ్ళ లెక్క రాస్తోంది.
పెరట్లో దీపమున్న పెట్టె, పెట్టెలో కోడిగుడ్ల అట్టలు,
తెల్లారేసరికి అట్ట గుంటల్లో ముడుచుకున్న శలభాలు.
కొమ్మలకి ఎర్ర వైనులో పంచదార కలిపి నానబెట్టిన తాళ్ళు.
(మా ఊరి తాగుబోతుల్ని ఇంత శ్రద్ధగా
ఎవరూ లెక్కపెట్టలేదు.)

నోటుబుక్కు నా బల్ల మీద తెరిచింది.
"పద్నాలుగు డిగ్రీలు, మబ్బు, గాలి లేదు.
అలాంటి రాత్రి రెండొందల పన్నెండు వచ్చాయి, నీ దీపాలకు ముందు.
అదే పద్నాలుగు, అదే మబ్బు. ఇప్పుడు అరవై మూడు."
దీపమంటే వాటికి మోజు కదా, అన్నాను.

నవ్వలేదు.
"మోజు కాదు ఒస్మో.
వెలుగున్న వైపే వాటికి పైన.
మనం పుట్టక ముందునుంచీ ఆకాశం అలాగే చెప్పింది:
వీపు నాకు తిప్పు, నేల దానంతటదే కిందుంటుంది.
నీ స్తంభం దగ్గర ఆకాశం పక్కకొచ్చి నిలబడింది.
వీపు తిప్పుతాయి, మళ్ళీ తిప్పుతాయి,
ఏది పైనో తేలక గిరగిరా తిరుగుతాయి.
దానికి మనం ప్రేమని పేరు పెట్టాం.
కొన్ని తిరగవు కూడా.
ఇంకా పొద్దు గుంకలేదనుకుని
రాత్రంతా గడ్డిలోనే కూర్చుంటాయి."

జూన్‌లో, సూర్యుడు మునిగీ మునగని రాత్రుల్లో
కిటికీకి వెండి రేకు అంటించుకుని పడుకుంటాను నేను.
నాకు రేకుంది.

ఒక్క రాత్రి ఆర్పమంది, పోల్చి చూసుకోడానికి.
కాగితం కమిటీకి వెళ్ళింది,
ఆ కమిటీ నుంచి పైకమిటీకి,
అక్కడ ఎవరో సెలవులో ఉన్నారు.
అనుమతి అక్టోబరు పదిహేడుకి వచ్చింది.

స్విచ్చి దింపాను.
చెరువు ముందు వినిపించింది, తర్వాత కనిపించింది.
థర్మామీటరులో రెండు.
తొమ్మిదింటికి సున్నా.
పెట్టె ఖాళీ. తాళ్ళ మీద నూగు మంచు.
"లేచే ముందు అవి వణుకుతాయి, తెలుసా," అంది,
"ఉన్నచోటే రెక్కలు వణికించి
ఒంట్లో పొయ్యి రాజేసుకుంటాయి.
ఈ చలికి ఆ పొయ్యి అంటుకోదు."
మేమూ చాలాసేపు వణికాం. ఎక్కడికీ లేవలేదు.

పెన్సిలు తీసి రాసింది: సున్నా.
రాయకపోతే ఏం, అన్నాను.
"ఎవరూ రాలేదని కూడా ఎవరో ఒకరు రాయాలి.
ఉత్తరం లేని ఇంటి ముందూ సైకిలు ఆపేదాన్ని నేను."

సామాను సర్దుతుంటే
ఆమె ఎర్ర టార్చి బిర్చి చెట్టు మొదట్లో ఆగిపోయింది.
బూడిద రంగు, గోధుమ గింజంత.
రెక్కలుండాల్సిన చోట రెండు మొలకలు.
మంచు పట్టిన బెరడు మీద నడుస్తోంది, పైకి.
"చలికాలపు శలభం. ఆడది.
దీనికి ఎగరడం రాదు. నడుస్తుంది.
మగవి వాసన పట్టుకుని వస్తాయి, ఇంత చలిలోనూ."
ఆ మాట అంటుండగానే ఒకటి వచ్చింది,
పలచగా, ఎవరో వదిలిన సిగరెట్టు పొగలా.
ఎంత నెమ్మదిగా ఎగిరిందంటే
పడిపోతుందేమో అని చెయ్యి చాపాను.

ఇది లెక్కలోకి రాదా? అడిగాను.
"పెట్టెలోకి రాలేదుగా," అంది.
సున్నా సున్నాగానే ఉంచింది.

ఒక్క రాత్రికే అనుమతి.
పొద్దున ఆరింటికి వెళ్ళి స్విచ్చి ఎత్తాను.
పది వెలిగాయి.
ఆ బిర్చి పక్కనున్న పదకొండోది
రిపేరులో ఉందని రిజిస్టరులో రాశాను.
ఏం రిపేరని ఎవరూ అడగలేదు ఇప్పటిదాకా.
దాని ఫ్యూజు నా కోటు జేబులో ఉంది.